మన కాళ్ల కింది బండ



మన ఇంటికి బియ్యము ఏ మిల్లు నుండి వచ్చాయో మనకు తెలుసు. పాలు ఎవరి గేదెవో, కూరగాయలు ఏ సంతవో కూడా చెప్పగలము. కానీ పొద్దున లేచి మొదట కాలు మోపే నేల ఎక్కడి నుండి వచ్చిందని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి తెల్లబోతాము. నేల గురించి ఎవరు ఆలోచిస్తారు? ఊడుస్తాము, కడుగుతాము, క్రిస్మసు వస్తే ఇంకొంచెము శ్రద్ధగా తుడుస్తాము. అంతే. ఈ నెల ఆ నేల గురించే నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని ఉంది.

నేను పరిచర్య చేస్తున్నది హైదరాబాదు పాతబస్తీలో. ఇక్కడివారు నేలకు పరచిన రాతిని ఫర్షీ అంటారు. తెలంగాణ పల్లెల్లో షాబాదు బండ అంటారు. కర్నూలు వైపు నాపరాయి అంటారు. కడప వైపు నల్లని కడప బండ ఉంది. పేర్లు వేరైనా ఇవన్నీ సున్నపురాయి జాతివే.

షాబాదు ఒక ఊరి పేరు. అది నేడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. నిజాము కాలములో ఆ ప్రాంతము హైదరాబాదు సంస్థానములోనిదే. 1874లో సికింద్రాబాదు నుండి వాడి వరకు రైలుమార్గము పడింది. వాడికి దగ్గరలోనే షాబాదు. ఇటువైపు అదే రైలుమార్గము మీద తాండూరు. రైలు వచ్చాక రాయి పట్టణమునకు చేరడము సులువైంది. అలా ఊరి పేరు రాతికి పేరైపోయింది. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రముల పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 2016 నుండి తెలంగాణలోని వికారాబాదు జిల్లాలో ఉంది. సరిహద్దులు ఇన్నిసార్లు మారినా భూమి లోపలి రాయి మాత్రము అటూ ఇటూ ఒకటే.

కోట్ల సంవత్సరముల క్రితము సముద్రపు అడుగున పేరుకొని, పొర మీద పొరగా గట్టిపడిన రాయి అది. అందుకే గడ్డపార మొన పెట్టి లేపితే పలకలు పలకలుగా ఊడి వస్తుంది. ఇటువంటి సున్నపురాయే భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారితే దానిని పాలరాయి అంటాము. కాబట్టి రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయి, మన తాండూరు బండ దూరపు చుట్టములు. ఒకటి కొలిమిలో కాగింది, ఇంకొకటి కాగలేదు. నిమ్మరసము, యాసిడు పడితే రెండింటి మెరుపూ పోతుంది. బండలను యాసిడుతో కడిగే అక్కచెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

మా పాతబస్తీలో రాయికి కొదువ లేదు. 1591లో కట్టిన చార్మినారు ఉంది. ఔరంగజేబు కాలములో, 1694లో పూర్తయిన మక్కా మసీదు ఉంది. దాని గోడలది ఈ చుట్టుపక్కల గుట్టల్లో దొరికే గ్రానైటే. ఆ ప్రాంగణములోనే నిజాముల సమాధులు పాలరాతితో ఉన్నాయి. కొంచెము దూరములో సాలార్‌జంగ్ మ్యూజియము. అక్కడ ముసుగు వేసుకున్న రిబ్కా బొమ్మను చూడని తెలుగు క్రైస్తవ కుటుంబము తక్కువే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరములో కొన్నారు. రాతిలో పలుచని ముసుగు ఎలా చెక్కాడా అని అందరము నోరు తెరచి చూస్తాము. ఆ రాతిని గనిలో నుండి పైకి తీసినవాడు ఎవరని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

రాజులకు పాలరాయి దూరము నుండి వచ్చింది. సామాన్యుని ఇంటికి తాండూరు, షాబాదు నుండి బండ వచ్చింది. పాతబస్తీలోని పాత ఇండ్లలోకి వెళ్లి చూడండి. వాకిలి, వరండా, మెట్లు, బావి చుట్టూ అరుగు, అన్నిటికీ అదే నీలిరంగు బండ. మే నెల ఎండలో దాని మీద పడుకున్నవారికే దాని చలువ తెలుస్తుంది.

మా మందిరములోనూ అవే బండలు. 2020 అక్టోబరులో పాతబస్తీని ముంచిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా వీధిలోకి వచ్చిన నీరు మందిరములోకీ వచ్చింది. నీరు పోయిన తరువాత చూస్తే బండల కింది మట్టి జారిపోయి, నేల అక్కడక్కడ కుంగింది. కొన్ని బండలు పగిలాయి. ముసలివారు తట్టుకొని పడుతున్నారు. నేల మార్చక తప్పదని సంఘ పెద్దలు కూర్చున్నారు.

మూడు అభిప్రాయములు వచ్చాయి. ఒకరు పాలరాయి వేద్దామన్నారు. దేవుని ఇంటికి మంచిదే వేయాలి కదా అన్నది వారి మాట. మన నగరములోనే 1976లో కట్టిన బిర్లా మందిరము అంతా రాజస్థాన్ తెల్లరాయి అని కూడా గుర్తుచేశారు. యౌవనస్థులు టైల్స్ అన్నారు. ధర తక్కువ, పని త్వరగా అయిపోతుంది, చూడడానికి నున్నగా ఉంటుంది. మూడవ మాట మా కోశాధికారిది. పాత బండలే మళ్లీ తాండూరు నుండి తెప్పిద్దాము, ఇన్ని సంవత్సరములు మోసినవి ఇంకొన్ని సంవత్సరములు మోస్తాయి అన్నాడు.

ఈ మాటలు జరుగుతుండగా స్త్రీల వైపు నుండి ఒక సహోదరి లేచింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తాండూరు ప్రాంతము నుండి బ్రతుకుదెరువుకు వచ్చి మా వీధిలో కుట్టుపని చేసుకుంటున్నది. ఆమె భర్త బండలు కోసే మిషను మీద పనిచేసేవాడని, దగ్గుతో చాలాకాలము బాధపడి చనిపోయాడని మాకు తెలుసు. టి.బి. అని మందులు వాడారు, ఆపారు, మళ్లీ వాడారు. చివరికి ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, నువ్వు ఏమి పనిచేసేవాడివి అని అడిగాడట. అన్ని సంవత్సరములలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆయనే. ఊపిరితిత్తులలో రాతిదుమ్ము పేరుకుపోయిందని అప్పుడు తెలిసింది.

ఇక తాండూరు బండ వద్దని అంటుందేమోనని మేము అనుకున్నాము. ఆమె అన్న మాట ఇది:

“అయ్యగారూ, ఆ బండ వద్దని నేనంటలేను. మా అన్నదమ్ములు ఇంక దాని మీదనే బతుకుతున్నరు. మీలాంటోల్లు కొనుడు బంద్ జేస్తే వాల్ల పొయ్యిల పిల్లి లేవదు. కాని కొనేటప్పుడు ఒక్క మాట అడుగుండ్రి. నీల్లు పోసుకుంట కోస్తున్నరా, ఎండుగనే కోస్తున్నరా అని. గంతే.”

ఆ తరువాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వెళ్లి చూసి వద్దామని మాత్రము తీర్మానించుకున్నాము.

ఇద్దరు పెద్దలతో కలిసి నేను తాండూరు వెళ్లాను. రైలు వికారాబాదు దాటిన తరువాత అడవి కొంచెము కొంచెముగా పలుచబడి, నల్లరేగడి పొలములు మొదలవుతాయి. తాండూరు రెండింటికి పేరుపొందింది. ఒకటి బండ, రెండవది కంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పైన నల్లరేగడి, దాని కింద సున్నపురాయి, ఈ రెండూ కలిసే ఆ పప్పుకు ఆ రుచి నిచ్చాయంటారు. ఒకే చేను పైన కంది పండిస్తుంది, కింద బండ నిస్తుంది. అయితే రెండూ ఒకేసారి ఇవ్వదు. బండ కోసము తవ్విన చోట కంది పండదు. చేనుగలవారి కష్టమంతా ఇక్కడే ఉంది. నాలుగేండ్లు వానలు లేక అప్పులపాలైన రైతు తన చేనును గనికి ఇస్తే చేతికి డబ్బు వస్తుంది. రాయి అయిపోయిన తరువాత మిగిలేది గొయ్యి.

ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ వైపు గనులున్నాయి. మేము చూసిన గనిలో పైమట్టి తీసి, చదునైన రాతిపొర మీద రంపపు మిషను నడిపిస్తున్నారు. నిలువుగా గీతలు, అడ్డముగా గీతలు. నేలంతా చదరంగపు బల్లలా కనబడుతుంది. తరువాత ఇద్దరు మనుషులు గడ్డపారలు దూర్చి ఒక్కొక్క బండను లేపుతారు. ఒక పొర అయ్యాక దాని కింది పొర. పసుపురంగువి వేరు, నీలిరంగువి వేరు. అక్కడి నుండి అవి పాలిషింగు యూనిట్లకు వెళ్తాయి. అంచులు కోసి, నునుపు చేసి, చదరపు అడుగుల లెక్కన లారీలకు ఎక్కిస్తారు.

ఈ ఒక్క బండ మీద ఎందరు బ్రతుకుతున్నారో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. గనిలో కూలీ, మిషను ఆపరేటరు, లోడు ఎత్తే హమాలీ, లారీ డ్రైవరు, రంపపు పళ్లు పదును పెట్టేవాడు, టైర్లకు పంక్చరు వేసేవాడు, టీ కొట్టు పెట్టుకున్న విధవరాలు. సిమెంటు ఫ్యాక్టరీలు కూడా ఆ సున్నపురాయి కోసమే అక్కడికి వచ్చాయి. ప్రభుత్వమునకు సీనరేజి రూపములో ఆదాయము వస్తుంది. మన రాష్ట్రములలో ఇటువంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో నల్ల గెలాక్సీ గ్రానైటు, కరీంనగరు వైపు గోధుమరంగు గ్రానైటు, బేతంచెర్లలో నాపరాయి. వాన నమ్ముకోలేని చోట రాయి కూడు పెడుతున్నది. ఈ సంగతి మరచి, గనులన్నీ మూసేయండి అని పట్టణములో కూర్చొని చెప్పడము సులువు.

అయితే ఆ కూడు కూడా తగ్గిపోతున్నది. గుజరాతులోని మోర్బి నుండి వచ్చే టైల్స్ ఇప్పుడు మన పల్లెటూరి దుకాణములోనూ దొరుకుతున్నాయి. బండను మేస్త్రీ కూర్చొని, సందులు సరిచేసి, ఓపికగా పరచాలి. టైల్స్‌కు అంత కష్టము లేదు. పన్నులు కూడా ఒక తీరుగా నిలవలేదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పాలరాయి, గ్రానైటు పలకల మీద 28 శాతము వేశారు. అదే సంవత్సరము నవంబరులో 18 శాతమునకు తగ్గించారు. తాండూరులో మూతపడిన పాలిషింగు షెడ్లను మేము కండ్లారా చూశాము. మార్కాపురము రాతిపలకల మీద అక్షరములు దిద్దిన తరము మాది. ఆ పలకలను కాగితపు పుస్తకము, ప్లాస్టిక్ పలక వెనక్కి నెట్టిన తీరు కండ్ల ముందు కదిలింది. రాతి మీద బ్రతికే ఊరికి రెండు భయములు. పని ఉంటే దుమ్ము భయము, పని లేకపోతే ఆకలి భయము.

ఇక ఆ సహోదరి అడగమన్న ప్రశ్నకు వస్తాను. మేము నాలుగు యూనిట్లు తిరిగాము. రెండు చోట్ల మిషను కింద నీటిధార పడుతున్నది. దుమ్ము లేవక, తెల్లని బురదగా కాలువలోకి పోతున్నది. మిగిలిన రెండు చోట్ల చేతిమిషనుతో ఎండుగానే అంచులు కోస్తున్నారు. కోసేవాని కనురెప్పలు, మీసములు తెల్లగా ఉన్నాయి. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. తమ్ముడూ, నీళ్లు ఎందుకు పెట్టలేదు అని అడిగితే, బోరు ఎండిందయ్యగారూ అన్నాడు.

ఆ దుమ్ములో సున్నముతో పాటు సిలికా అనే పదార్థము ఉంటుంది. గ్రానైటులో, ఇసుకరాతిలో ఇంకా ఎక్కువ. కంటికి కనబడనంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే నిలిచిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి, సంవత్సరములు గడిచేకొద్దీ ఊపిరి తగ్గిపోతుంది. దీనిని సిలికోసిస్ అంటారు. దీనిని నయము చేసే మందు లేదు. ఇది ఉన్నవానికి టి.బి. కూడా సులభముగా పట్టుకుంటుంది. రెండింటి లక్షణములు ఒకే మాదిరిగా ఉండడము వలన ఒకదానిని చూసి రెండవది అనుకోవడము జరుగుతుంది. సిలికా దుమ్ము క్యాన్సరుకు కూడా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో తేల్చింది. తువ్వాలు, చీరకొంగు ఆ సన్నని దుమ్మును ఆపలేవు. ఆపేది నీరు, సరైన మాస్కు.

నయము కాని రోగమైనా రాకుండా చేయవచ్చు. మనము గట్టిగా పట్టుకోవలసిన మాట ఇదే. చట్టములు లేవని కాదు. కార్మిక పరిహారము కోసము వచ్చిన 1923 నాటి చట్టపు పట్టికలో రాతిదుమ్ము రోగము వృత్తిరోగముగా చేరింది. పాలరాతి గనులకు పేరుపొందిన రాజస్థాన్ ప్రభుత్వము 2019లో దీనికోసము ప్రత్యేక విధానము తెచ్చింది. రోగము నిర్ధారణ అయితే 3 లక్షల రూపాయలు, చనిపోతే కుటుంబమునకు మరి 2 లక్షలు అని అందులో పెట్టారు. 2015లో గనుల చట్టమును సవరించి, గనులున్న జిల్లాలలో జిల్లా ఖనిజ ఫౌండేషను ఏర్పాటు చేయాలన్నారు. గనుల వలన నష్టపోయిన ఊళ్లకు తాగునీరు, వైద్యము, చదువు కోసము ఆ సొమ్ము. మీ ఊరి పక్కన గని ఉంటే, మీ గ్రామసభలో ఈ నిధి పేరెత్తి అడగండి. అడగని సొమ్ము దానంతట అది నడిచి రాదు.

తిరుగు ప్రయాణములో మా పెద్దలలో ఒకాయన సొలొమోను మందిరము సంగతి ఎత్తారు. ఆ మందిరము కట్టేటప్పుడు సుత్తె చప్పుడు గానీ, గొడ్డలి చప్పుడు గానీ అక్కడ వినబడలేదు. రాళ్లన్నీ గని దగ్గరే చెక్కి తెచ్చారు కాబట్టి. మేము చిన్నప్పటి నుండి ఆ నిశ్శబ్దమును గొప్పగా చెప్పుకుంటూ వచ్చాము. “అయ్యగారూ, చప్పుడు లేకపోవడమేమిటి? ఉంది. కొండ మీద ఉంది. ఇక్కడికి వినబడలేదు, అంతే” అన్నారు ఆయన. అదే గ్రంథములో ఆ కొండలలో రాళ్లు కొట్టినవారు 80,000 మంది అని లెక్క ఉంది. ఆ లెక్క వ్రాసిపెట్టినందుకు ఆ దినమున నాకు చాలా సంతోషము కలిగింది. మన ఇండ్లలో నేల నిశ్శబ్దముగానే ఉంటుంది. దాని చప్పుడు, దాని దుమ్ము తాండూరులో ఉన్నాయి, మక్రానాలో ఉన్నాయి. పాలరాయి వేసినా, బండ వేసినా, ఎవరో ఒకరు మన తరఫున ఆ దుమ్ము పీలుస్తున్నారు. టైల్స్ వేస్తే ఆ బాధ తీరిపోతుందని కూడా అనుకోవద్దు. మట్టిని, రాతిని పొడి చేసే ఫ్యాక్టరీలోనూ దుమ్ము ఉంటుంది.

చివరకు మా మందిరమునకు తాండూరు నీలిబండలే తెచ్చాము. నీరు పెట్టి కోసే యూనిట్లో కొన్నాము. అక్కడ చదరపు అడుగుకు కొద్దిగా ఎక్కువ అడిగారు. మామూలుగా మా కోశాధికారి బేరము చేయకుండా అగ్గిపెట్టె కూడా కొనడు. ఆ రోజు మాత్రము అడిగినంత లెక్కపెట్టి ఇచ్చాడు. బండలు పరచడానికి వచ్చిన మేస్త్రీకి, ఇద్దరు కూలీలకు మందిరపు కుళాయి నుండి పైపు వేసి ఇచ్చాము. అంచులు కోసేటప్పుడు మా యౌవనస్థులు వంతులవారీగా నీళ్లు పోశారు. టైల్స్ కావాలన్న పిల్లలే ఎక్కువ ఉత్సాహముగా పోశారు. పని అయిదు రోజులలో కావలసినది ఎనిమిది రోజులు పట్టింది. పగిలిన పాత బండలను పారవేయలేదు. పెరటిలో నీళ్ల తొట్టి చుట్టూ పరిచాము. సంఘపు లెక్కల పుస్తకములో ఆ ఖర్చు వ్రాసిన చోట, బండలు పరచిన ముగ్గురి పేర్లు కూడా వ్రాయమని ఆ సహోదరి అడిగింది. వ్రాశాము.

మీరు ఇల్లు కట్టుకుంటూ ఉండవచ్చు, మందిరము కట్టుకుంటూ ఉండవచ్చు. ఏ రాయి వేయాలన్నది మీ ఇష్టము, మీ స్థోమత. వద్దని చెప్పడానికి నేను ఎవరిని? దుకాణములో రంగు, ధర అడిగిన తరువాత ఆ మూడవ ప్రశ్న కూడా అడగండి. ఒక్కరు అడిగితే యజమాని నవ్వవచ్చు. వందమంది అడిగితే బోరు వేయించుకుంటాడు. మీ వాకిట్లో కోసేటప్పుడు ఒక బిందె నీళ్లు మీరే ఇవ్వండి. చిన్నపిల్లలను ఆ దుమ్ములో నిలబడనివ్వకండి.

ఇంకొక్క మాట. మీ గ్రామములో గనిలో గానీ, క్రషరులో గానీ, బండల మిషను మీద గానీ పనిచేసి వచ్చి, మానని దగ్గుతో మంచము పట్టినవారు ఎవరైనా ఉంటే వారి ఇంటికి వెళ్లండి. ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. డాక్టరు అడిగినా అడగకపోయినా, ఈయన ఇన్ని సంవత్సరములు రాతిపని చేశాడని మీరే ముందుగా చెప్పండి.